పేరుగల గురువులు - పేదజట్లు

2025వ సంవత్సరము జూలై మాసమున మన దేశపు ఫుట్‌బాలు సమాఖ్యవారు జాతీయజట్టునకు నూతన శిక్షకుని గోరి ప్రకటన గావింపగా 170 దరఖాస్తులు వచ్చినవి. అందు బార్సిలోనా క్లబ్బునకు 2023లో స్పెయిను లీగు విజయమును సంపాదించిపెట్టిన చావీ హెర్నాండెజ్ పేరుగూడ నున్నదని పత్రికలలో బడినతోడనే దేశమంతట గొప్ప సంచలనము కలిగెను. పఠనాలయములలోను, కాఫీహోటళ్ళలోను ఆ మాటయే మాటయైనది. ఆయన నడుగు వేతనమును మన సమాఖ్య యిచ్చుకొనజాలదని కొందఱు విచారించిరి. ఏ ధనికుడో ముందునకు వచ్చి ఆ సొమ్ము నిచ్చిన బాగుండునని మఱికొందఱు పలికిరి. ఇంతలో ఆ దరఖాస్తును, దానితోపాటు వచ్చిన పెప్ గ్వార్డియోలా దరఖాస్తును నిజమైనవి కావని సమాఖ్యవారే ప్రకటించిరి. లోకము నవ్వినది, మనమును సిగ్గుపడి ఊరకుంటిమి.

ఆ నవ్వులాటను మరల ద్రవ్వుట మా యుద్దేశము కాదు. అయితే ఆ రెండుమూడు దినముల చర్చలో ఎవ్వరును అడుగని ప్రశ్న యొకటి యున్నది. దరఖాస్తు నిజమైనదే యనుకొందము. సొమ్మును దొరకినదే యనుకొందము. ఆ మహానుభావుడు వచ్చి మనకు జేయగలిగిన దేమి? యూరపులోని ప్రసిద్ధక్లబ్బుల నేలిన శిక్షకుడు, లోకపు పట్టికలో వెనుకనున్న దేశపు జట్టునకు తగినవాడగునా? ఆ మాసముననే మన జట్టు ప్రపంచపట్టికలో 133వ స్థానమునకు దిగజారి యుండెను. ఇట్టి స్థితిలో ఈ ప్రశ్న వేడుక కొఱకు వేయునది కాదు. రాబోవు సంవత్సరములలో ప్రజలసొమ్ము, బాలుర యాశలు ఏ త్రోవను బోవలయునో దీని యుత్తరముపై నాధారపడి యున్నది.

మొదట క్లబ్బు శిక్షకుని పని యెట్టిదో చూతము. ఏ ఆటగాడైన తన పన్నుగడకు దగడని తోచినచో అతడు వానిని బంపివైచి, ధనమిచ్చి వేఱొకని దెచ్చుకొనును. ప్రతిదినము ఉదయమున జట్టునంతను మైదానమున నిలిపి, పదినెలలపాటు ఒక్కటే పాఠమును వల్లెవేయించును. ఆదివారము తప్పిన యడుగును సోమవారము దిద్దును. లోకము మెచ్చుకొను మహాశిక్షకుల ప్రజ్ఞ యంతయు ఈ రెండు సౌకర్యముల మీదనే పెరిగినది: ఎంచుకొను స్వేచ్ఛ యొకటి, నిత్యాభ్యాసము రెండవది.

జాతీయజట్టు శిక్షకునకు ఈ రెండును లేవు. సంవత్సరమునకు నాలుగైదు పర్యాయములు, పర్యాయమునకు పదిదినములకు మించకుండ ఆటగాండ్రు అతని చేతికి వత్తురు. అందు ప్రయాణపు బడలిక తీరుటకు కొంత, రెండు పందెములకు కొంత పోగా, నేర్పుటకు మిగులునది స్వల్పము. దేశమున మంచి యెడమకాలి ఆటగాడు లేకున్న లేడు. ఏ సంతలోను వానిని గొనుటకు వీలులేదు. పెద్దదేశముల జట్లలో ఈ లోపము కనబడదు. అచ్చటి ఆటగాండ్రందఱు గొప్పక్లబ్బులలో తరిఫీదైనవారే గనుక శిక్షకుడు వారిని గూర్చిపెట్టిన చాలును. చిన్నదేశపు జట్టునకు వచ్చినవాడు మొదటిపాఠము నుండి చెప్పవలసి యుండును. బంతిని వచ్చిన వేగముతోనే కుదుటపఱచుట, తలయెత్తి చూచుట, రెండుకాళ్ళతోను సమముగ నందించుట మున్నగునవి పదిపండ్రెండేండ్ల వయసున నబ్బవలసిన విద్యలు. ఇరువదియాఱేండ్ల వానికి పదిదినములలో వీనిని నేర్పుట యెవ్వరికిని శక్యముగాదు. ప్రబంధములు వ్రాసిన మహాకవిని బిలిపించి, ఓనమాలు దిద్దింపుమని పలక చేతికిచ్చిన నెట్లుండునో ఇదియు నట్లే యుండును. ఆయన పాండిత్యమునకు లోపము లేదు. ఆ పాండిత్యమున కిచ్చట పని లేదు.

ఇది మా యూహ మాత్రమే కాదు. ఇటీవలి చరిత్ర దీనికి సాక్ష్యమిచ్చుచున్నది. ఇటలీవాడైన మార్చెల్లో లిప్పీకన్న గొప్పపేరు వేఱొకటి దొరకుట కష్టము. యువెంటస్ క్లబ్బునకు ఐదు పర్యాయములు ఇటలీ విజేతృత్వమును, 1996లో యూరపు విజేతృత్వమును, తన దేశమునకు 2006లో ప్రపంచకప్పును సంపాదించినవాడు. చీనాలోనే గ్వాంగ్‌జౌ క్లబ్బును 2013లో ఆసియా విజేతను జేసెను. అట్టివానిని చీనావారు 2016లో జాతీయజట్టునకు నియమించిరి. ఆయన నేతృత్వమున చీనా 2018 ప్రపంచకప్పునకు అర్హత పొందలేదు. 2019 ఆసియాకప్పులో ఇరాను చేతిలో మూడుగోలులతో నోడినది. ఆ యేడు నవంబరులో సిరియాతో నోడిన రాత్రియే ఆయన పదవిని వదలుకొనెను. విదేశపు ఆటగాండ్రు గల క్లబ్బుతో ఖండమును జయించినవాడు, అదే దేశపు సొంత ఆటగాండ్రతో సిరియాను జయింపలేకపోయె ననుటలోనే సంగతి యంతయు నున్నది.

లాజియో క్లబ్బును 2000లో ఇటలీ విజేతను జేసి, పిమ్మట ఇంగ్లండు జాతీయజట్టు నేలిన స్వీడనువాడు స్వెన్ గోరాన్ ఎరిక్సన్ 2018లో ఫిలిప్పైన్సు జట్టును చేపట్టెను. 2019 ఆసియాకప్పులో ఆ జట్టు ఆడిన మూడు పందెములును ఓడెను. అందొకటి లిప్పీగారి చీనాతోనే. మిలాను క్లబ్బును 1994లో యూరపు విజేతను జేసిన ఫాబియో కపెల్లో 2014 ప్రపంచకప్పునకు రష్యాను నడపెను. ఆ పోటీకి వచ్చిన శిక్షకులందఱిలో అత్యధికవేతనము ఆయనదే యని నాటి పత్రికలు వ్రాసినవి. రష్యా ఒక్క పందెమైనను గెలువక ఇంటికి వచ్చెను. 2021లో ఇటలీకి యూరపుకప్పును దెచ్చిన రొబెర్తో మాంచీనిని సౌదీ అరేబియావారు 2023లో పిలిపించుకొని, పదునాలుగు మాసములకే సాగనంపిరి. ధనమునకు కొదవలేని దేశములకే ఇట్లయినది గదా!

అట్లని ప్రతిపక్షమువారి వాదమున సత్యము లేదనుట న్యాయము కాదు. వారు మొదట జెప్పు పేరు గూస్ హిడింక్. ఆయన 1988లో పి.ఎస్.వి. క్లబ్బునకు యూరపుకప్పును గెలిచినవాడు. 2001 ఆరంభమున దక్షిణకొరియాకు వచ్చెను. అంతకుముందు ఆ దేశము ఐదు ప్రపంచకప్పులలో పదునాలుగు పందెము లాడి ఒక్కటియు గెలిచి యెఱుగదు. 2002లో అదే జట్టు పోలండును, పోర్చుగలును, ఇటలీని, స్పెయినును దాటి నాలుగవ స్థానమున నిలిచెను. ఇటలీ, స్పెయిను పందెములలో న్యాయనిర్ణేతల తీర్పులపై వివాదములు లేకపోలేదు. అయినను ఆ జట్టు పరుగును, పట్టుదలను చూచినవా రెవ్వరును ఆ విజయము నూరక వచ్చిన దనలేరు. ఆ తరువాత హిడింక్ ఆస్ట్రేలియాను 2006లో రెండవఘట్టమునకు, రష్యాను 2008 యూరపుపోటీలో సెమీఫైనలునకు గొనిపోయెను.

ఇది గొప్ప దృష్టాంతమే. కాని చదువరులు ఒక్కక్షణము నిలిచి కొరియావారు ఆయన కేమి యిచ్చిరో గమనింపవలయును. స్వదేశమున ప్రపంచకప్పు జరుగనున్నందున వారు అర్హతపోటీల బెడద లేకుండ ఏడాదిన్నర కాలమును ఆయన చేతిలో బెట్టిరి. క్లబ్బుల నొప్పించి ఆటగాండ్రను దీర్ఘకాలము శిబిరములలో నుంచిరి. 2001లో ఫ్రాన్సుతోను, చెకోస్లొవాకియా విడిపోగా నేర్పడిన చెక్ దేశముతోను ఐదేసి గోలుల తేడాతో నోడినపుడు పత్రికలు ఆయనను ‘ఐదు-సున్న’ యని వెక్కిరించినను, పాలకులు ఆయనను దీసివేయలేదు. మైదానమున చిన్నవాడు పెద్దవానిని గౌరవవాచకములతో బిలువ నక్కఱలేదని ఆయన శాసించినపుడు, మర్యాదకు ప్రాణమిచ్చు ఆ సమాజము సహించెను. అనగా క్లబ్బు శిక్షకునకుండు సౌకర్యములను ఒక జాతి యంతయు గూడి ఆయనకు సమకూర్చెను. అవి లేనిచోట హిడింక్‌గారి పేరొక్కటియే పని చేసెనా? 2010లో తుర్కీజట్టును చేపట్టిన ఆయన, క్రొయేషియా చేతిలో నోడి, 2012 యూరపుపోటీకి దానిని జేర్పలేకపోయెను. మనిషి యాతడే, విద్యయు నదియే, మాఱినవి పరిస్థితులు.

రెండవ దృష్టాంతము ఆటో రెహాగెల్. 2004లో గ్రీసుదేశమును యూరపు విజేతను జేసిన యీ జర్మను వృద్ధుని కథ మనకు మఱింత యుపదేశకరము. అంతకుమున్ను గ్రీసు ఏ పెద్దపోటీలోను ఒక్క పందెమైన గెలిచినది కాదు. రెహాగెల్ మొదటి పందెములోనే ఫిన్లండు చేతిలో అయిదుగోలులు దిన్నది. మూడేండ్లు గడచునప్పటికి ఫ్రాన్సును, చెక్ జట్టును, తుదకు లిస్బనులో పోర్చుగలును ఒక్కొక్క గోలుతో నోడించినది. ఈయనయు క్లబ్బులలో బేరుమోసినవాడే. అయితే ఏ క్లబ్బులలో? ఆటగాండ్ర నక్షత్రమండలమువంటి బయ్యర్న్ మ్యూనిక్ ఆయనను 1996లో ఏడాదికి లోపుననే తొలగించినది. క్రిందితరగతినుండి అప్పుడే పైకెక్కిన కైజర్స్‌లౌటర్న్ క్లబ్బును మాత్రము ఆయన 1998లో జర్మనీ విజేతను జేసెను. లేమిలో కలిమిని జూపు విద్య ఆయనది. గ్రీసువారికి గావలసినదియు నదియే. కాన ఎంత పెద్దక్లబ్బు నేలినా డని యడుగుటకు మాఱు, ఎంత తక్కువసామగ్రితో ఎంత కట్టినా డని యడుగుట శ్రేయస్కరమని మాకు దోచుచున్నది.

2025 నవంబరులో కురసావో అను కరీబియను ద్వీపము ప్రపంచకప్పునకు అర్హత బొందినది. జనసంఖ్య సుమారు లక్షన్నర గల ఆ దేశముకన్న చిన్నదేశ మేదియు నంతకుముందు అట్లు చేరలేదు. అప్పటి దాని శిక్షకుడు డిక్ అద్వకాట్. 2008లో రష్యాలోని జెనిత్ క్లబ్బునకు యూరపు రెండవకప్పును గెలిచిన ప్రసిద్ధుడు. ఈ యుదాహరణమును జూపి మమ్ము నోడింపవచ్చునని తలచువారికి ఒక్కమాట. ఆ జట్టులోని వారిలో నత్యధికులు హాలండున బుట్టి, హాలండు క్లబ్బులలో బాల్యమునుండి తరిఫీదైనవారు. ఓనమాలు మఱియొకచోట దిద్దుకొని వచ్చిన శిష్యులు దొరకినపుడు మహాపండితుడు తప్పక యుపయోగపడును. మన జట్టునకు అట్టి పుట్టినిల్లు వేఱొకటి లేదు.

ఇక ఐస్లండు సంగతి. మూడులక్షల ముప్పదివేల జనముగల ఆ మంచుదేశము 2016 యూరపుపోటీలో ఇంగ్లండును రెండుగోలుల కొకటిగా నోడించినది. దాని శిక్షకు లిద్దఱు. లాగర్‌బాక్ అను స్వీడనువాడు ఏ గొప్పక్లబ్బు నేలినవాడు కాడు; తన దేశపు జాతీయజట్టును బహుకాలము నడపి, ఆ పని యెఱిగినవాడు. ఆయనకు జతగానిలిచిన హాల్‌గ్రిమ్సన్ ఆ దేశస్థుడే, వృత్తిచేత దంతవైద్యుడు. స్వీడను గురువు వెడలిన తరువాత ఆ దంతవైద్యుడే 2018 ప్రపంచకప్పునకు తన జట్టును గొనిపోయెను. దీని వెనుక దేశమంతట గట్టిన కప్పుమైదానములును, చిన్నపిల్లలకు సైతము పట్టాపొందిన ఉపాధ్యాయులచేతనే నేర్పించు నేర్పాటును గలవు. విదేశగురువు వచ్చెను, స్వదేశగురువును దయారుచేసెను, పోయెను. గురువును బిలిపించుట యనిన మేమెఱిగినది ఇదియే.

మన దేశముమాట కొంత విచారింతము. భారతీయ ఫుట్‌బాలునకు స్వర్ణయుగమని చెప్పదగిన కాలమున దానిని నడపినవాడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. మన హైదరాబాదువాడు, వృత్తిచేత బడిపంతులు. ఓనమాలు దిద్దించు విద్య ఆయనకు బొత్తిగా నలవాటే! 1950లో ఇటు హైదరాబాదు నగరపోలీసు జట్టునకును, అటు దేశపుజట్టునకును గురువయ్యెను. పోలీసుజట్టు బొంబాయిలోని రోవర్సుకప్పును వరుసగ నయిదేండ్లు గెలిచినది. దేశపుజట్టు 1951 ఢిల్లీ ఆసియాక్రీడలలో స్వర్ణపతకము నందెను. 1952లో హెల్సింకీ ఒలింపిక్సున యుగోస్లావియా చేతిలో పదిగోలుల కొకటిగా పరాభవము గలిగినను ఆయన కుంగక, ఆ యోటమియే పాఠముగ గైకొనెను. 1956 మెల్బోర్నులో మన జట్టు ఆస్ట్రేలియాను నాలుగింటికి రెండుగా నోడించి, ఒలింపిక్సు సెమీఫైనలు చేరిన మొదటి ఆసియాజట్టని పేరు గాంచి, నాలుగవ స్థానమున నిలిచినది.

1962 జకార్తా కథ వృద్ధులైన క్రీడాభిమానులు నేటికిని కన్నుల నీరునించి చెప్పుకొనుచుందురు. మొదటి పందెమున దక్షిణకొరియా మనల నోడించినది. వెనుకవరుసను గాచు జర్నైల్‌సింగు తలకు గాయమై కుట్లు పడినవి. రహీమ్ అతనిని గూర్చుండబెట్టక, ముందువరుసకు మార్చెను. ఫైనలులో మరల అదే కొరియాపై పి. కె. బెనర్జీ యొక గోలును, తలగట్టుతోనే జర్నైల్ మఱియొక గోలును వేయగా స్వర్ణపతకము మనదైనది. అప్పటికే రహీమ్‌గారిని పుట్టకురుపు వ్యాధి లోలోపల దినివేయుచున్నది; 1963 జూనులో ఆయన గతించిరి. ఆయన పోయిన తరువాత ఆసియాక్రీడలలో ఆ స్వర్ణము మనకు మరల దక్కలేదు. యూరపులోని ఏ పెద్దక్లబ్బును ఆ బడిపంతులు నేలి యుండలేదు. తన ఆటగాండ్రలో ఎవని కేమి వచ్చునో, ఏమి రాదో మాత్రము ఆయనకు దెలియును.

ఇది చెప్పి, స్వదేశస్థుని బెట్టిన చాలును, సర్వము చక్కబడునని మేము వ్రాసినచో అది యాత్మవంచన యగును. 2025 ఆగస్టులో సమాఖ్యవారు ఖాలిద్ జమీల్‌ను నియమించిరి. ఐజ్వాల్ వంటి చిన్నక్లబ్బును 2017లో ఐ-లీగు విజేతను జేసిన సమర్థు డాయన. మొదటి పోటీలో ఒమానును బెనాల్టీలలో నోడించి మూడవస్థానము దెచ్చెను. అక్టోబరులో గోవాలో సింగపూరు చేతిలో నోడుటతో 2027 ఆసియాకప్పు ద్వారములు మనకు మూసికొనిపోయినవి. నవంబరులో ఢాకాలో బంగ్లాదేశముతోను ఓటమి తప్పలేదు. ఆయనకు ముందున్న మనోలో మార్కెజ్ స్పెయినువాడు. హైదరాబాదు క్లబ్బునకు 2022లో దేశపు పెద్దలీగు విజయము దెచ్చిన ప్రజ్ఞాశాలి. అట్టివాడును జాతీయజట్టుతో ఎనిమిది పందెములలో ఒక్కటి మాత్రమే గెలిచెను. స్వదేశస్థుడును, విదేశస్థుడును ఒక్కచోటనే కాలుజాఱి పడుచుండ, తప్పు నడచువారిదా, బాటదా?

బాటను జూడుడు. 2025లో దేశపు పెద్దలీగు యొప్పందముల తగవులలో జిక్కి సకాలమునకు ఆరంభమే కాలేదు; జాతీయజట్టు ఆటగాండ్రకే పందెములు కఱవైనవి. విజేతయైన హైదరాబాదు క్లబ్బు మూడేండ్లకే అప్పులపాలై, తుద కా యేడే ఢిల్లీకి దరలిపోయెను. రహీమ్ పుట్టిన నగరమున పెద్దలీగు క్లబ్బు లేకుండ బోయినది. ఇట్టి యింటికి చావీ వచ్చిన నేమి, గ్వార్డియోలా వచ్చిన నేమి? ‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకుపేరు సోమలింగ’ మనుట యిదియే గదా!

పెద్దపేరువలన మఱియొక యపాయమును గలదు. ఆ పేరు పాలకులకు తెరయగును. గురువు వచ్చిన దినమున పూలమాలలు, ఛాయాచిత్రములు; ఓడిన దినమున నింద యంతయు గురువుదే. నడుమ, బాలురకు మైదానములేమైన వని గాని, జిల్లాపోటీ లేల జరుగుట లేదని గాని యడుగువా రుండరు. చీనాదేశము పేరు వెనుక పేరును గొనుచు బోయినను 2002 తరువాత 2026 వరకు ఒక్క ప్రపంచకప్పునకైనను జేరలేక పోవుట మనకు హెచ్చరిక.

మేము విదేశీయుని ద్వేషింపుమనుట లేదు, విద్యకు దేశములేదు. 1979లో స్వీడనులోని మాల్మో క్లబ్బును, ఊరిపిల్లలతోనే, యూరపుకప్పు ఫైనలునకు జేర్చిన బాబ్ హౌటన్ అను ఆంగ్లేయుడు మన జట్టును 2006 నుండి ఐదేండ్లు నడపి, 1984 తరువాత మొదటిసారిగ 2011 ఆసియాకప్పునకు గొనిపోయినాడు. దీర్ఘశిబిరములు, ఓర్పు, తగినకాలము లభించుటచే నది సాధ్యమైనది. ఆ పోటీలో మూడు పందెములును ఓడితిమి, నిజమే. కాని ద్వారమువఱకైన బోతిమి.

కావున ఇకమీద ఏ ప్రసిద్ధుని పేరైన వినవచ్చినపుడు చదువరులు వేతన మెంత యని యడుగుటకు ముందు మూడు ప్రశ్నలు వేయవలెనని మా ప్రార్థన. ఆటగాండ్రను సంవత్సరమునకు ఎన్నిదినము లాయన చేతికిత్తురు? ఆయన ప్రక్కన నిలిచి విద్య గ్రహించుటకు మనవా రెందఱిని నియమింతురు? ఎన్ని యోటములవఱకు ఆయనను గదల్పక యుంచుదురు? వీనికి సమాఖ్యవా రుత్తరము చెప్పగలిగిన, వచ్చువాడు పెద్దపేరువాడైనను, చిన్నపేరువాడైనను మాకు సమ్మతమే. చెప్పలేకున్నచో ఆ సొమ్ముతో జిల్లాకు బదిమంది బడిపంతుళ్ళకు బంతి నేర్పు విద్యను నేర్పుట మేలు. 1930 నుండి 2022 వఱకు జరిగిన 22 ప్రపంచకప్పులలో పరదేశశిక్షకుడు గెలిచిన దొక్కటియు లేదు. గెలిచిన దేశములన్నియు గురువులను దమ యింటనే పెంచుకొన్నవి. మనమును ఒక్కసారి, హైదరాబాదు బడిలోనుండి, అట్లే పెంచుకొంటిమి. ఆ బడి యిప్పుడు లేదని విలపించుటకన్న, మరల దెఱచుట మన చేతిలోని పని.